ఎలుకలు కొట్టిన టాపు

నేను రేపల్లె వెళ్ళింది తెల్ల కారు కోసం. నాలుగు తలుపులు, గట్టి రేకు కప్పు, వెనక బస్తా పట్టేంత చోటు ఉన్న బుద్ధిమంతుల కారు. ఇరవై ఏళ్ళు నడిపిన మా పాత బండి ఎండాకాలంలో పొన్నూరు రోడ్డు మీద ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది, ఇంక లేవలేదు. నాకేమో ఆదివారం తప్ప రోజూ తెనాలి నుంచి బాపట్ల వెళ్ళి రావాలి. అక్కడ ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పుతాను. సముద్రం వైపు ఊళ్ళ నుంచి చేపల బేరం ముగించుకుని వచ్చేవాళ్ళు నా కోసం కూర్చుని ఉంటారు. నేను ఆలస్యంగా వెళ్ళిన రోజు నాకు అన్నం సయించదు. "బస్సులో వెళ్ళొచ్చుగా, అరవై రెండేళ్ళ మనిషికి కారెందుకు?" అంటారు మా ఆయన. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఏ ప్రయాణానికైనా ఆయన దగ్గర ఒక చవక మార్గం ఉంటుంది. బస్సు మెట్టు ఎంత ఎత్తో నా మోకాళ్ళని అడగాలి గాని ఆయన్ని అడిగితే ఏం లాభం? చివరికి ఒకరు వాడిన కారే అయినా సరే, బుద్ధిగా ఉండేది చూసుకోమని ఒప్పుకున్నారు. రేపల్లెలో ఒక బియ్యం మిల్లు వాళ్ళు తెల్ల కారు అమ్ముతున్నారని మా తమ్ముడు కరీం కబురు తెచ్చాడు. ఇద్దరం పొద్దున్నే రైలెక్కాం.

తెల్ల కారు మిల్లు వసారాలో కడిగి పెట్టి ఉంది. కరీం బానెట్ ఎత్తి లోపలికి తల దూర్చాడు. వాడు ఇంజను చూస్తుంటే నేను మిల్లు చూస్తున్నాను. తవుడు వాసన, ఉడికిన ధాన్యం వాసన, గాలిలో సన్నటి దుమ్ము. గోడ వారన, గోనెసంచుల కట్టల వెనక, పట్టా కింద ఏదో పొట్టిగా పడి ఉంది. పరాయివాళ్ళ సొమ్ము మీద కప్పిన పట్టా ఎత్తకూడదని నాకూ తెలుసు. కానీ పట్టా గాని, టాపు గాని, గుడారం గాని కనిపిస్తే అంచు తిప్పి కుట్టు చూడకుండా ఉండలేని జబ్బు నాది. ఎత్తాను. కింద ముదురు నీలం రంగు కారు. రెండే సీట్లు. నా నడుము దాకా కూడా రాని ఎత్తు. పైన రేకు లేదు, గుడ్డ టాపు, కమ్ములతో సహా వెనక్కి మడిచి ఉంది. ఆ మడతల్లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపించినట్టున్నాయి. పట్టుకుంటే గుడ్డ పొడిపొడిగా చేతిలోకి రాలింది.

మిల్లు గుమాస్తా సుబ్బయ్యగారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. కోప్పడతారనుకున్నాను, నవ్వారు.

"అది మా చిన్నబాబుగారి సరదా అమ్మా. హైదరాబాదులో ఎవరో అమ్మేస్తుంటే తెచ్చుకున్నారు. ఒక ఏడు తిరిగారు. ధాన్యం మిల్లులో గుడ్డ టాపు కారు పెడితే ఎలుకలు ఊరుకుంటాయా అండి? కొత్త టాపు ఫారిన్ నుంచి రావాలంట. ఆ ఖర్చుకి ఇంకో కారే వస్తదంట. అందుకని అట్టా పడుంది."

"ఇంజను బానే ఉందా బాబాయ్ గారూ?"

"ఒంట్లో నిక్షేపంగా ఉందమ్మా. నెత్తిన గుడ్డే లేదు. ఇంతకీ మీరెవరి తాలూకు?"

"తెనాలి టాపు మేస్త్రీగారి అమ్మాయినండి."

ఆయన మొహం విప్పారింది. "సాయిబుగారి అమ్మాయివా! ఈ మిల్లు లారీలకి పట్టాలు, పెద్దబాబుగారి జీపుకి టాపు, అన్నీ ఆయన చేతివేనమ్మా. బంగారం లాంటి చెయ్యి. జీవితంలో ఒక్కసారే తప్పిందంటారు, ఆ బాపట్ల జీపు..." అంటూ ఆగి, పోయిన మనిషి తప్పు ఎత్తినందుకు తనే నొచ్చుకున్నారు. "పోన్లే అమ్మా, ఎంత చెయ్యి తిరిగినోళ్ళకైనా ఒక్కసారి తప్పుద్ది."

ఆ మాటకి జవాబు నా దగ్గర యాభై ఏళ్ళకి దగ్గరగా ఉంది. ఆ జీపు టాపు కుట్టింది మా నాన్న కాదండీ, నేను. అంతే అనాలి. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఈ నీలం కారు ఇస్తారా?" అన్న మాట. బానెట్ కింద నుంచి కరీం ఎంత వేగంగా తల ఎత్తాడంటే, మూత తగిలి వాడి నెత్తి మీద బొప్పి కట్టింది.

మాది తెనాలిలో కాలవకి రెండు సందుల ఇవతల చిన్న పెంకుటిల్లు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళం. నాన్నని అబ్బా అని పిలిచినా, తెలుగులో రాస్తుంటే నాన్న అనే వస్తోంది. అమ్మని అమ్మీ అనేవాళ్ళం, కరీం నన్ను ఆపా అంటాడు, అంటే అక్క. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, మధ్యలో పరదా. కొట్టు ముందు ఎప్పుడూ ఏదో ఒక బోడి బండి నిలబడి ఉండేది. రిక్షాలు, జీపులు, అప్పుడప్పుడు చెరుకు తోలే ట్రాక్టరు కూడా, బోడిగా వచ్చి నెత్తిన టాపు పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయేవి. కొత్త కాన్వాసుకి ఒక గంజి వాసన ఉంటుంది. దానికి రెగ్జిన్ వాసన, గమ్ము వాసన, తేనెమైనం వాసన కలిస్తే మా ఇల్లు. అమ్మీ ఏలకులు దంచి చాయ్ కాస్తే ఆ కాసేపు మాత్రం మిగతావన్నీ తగ్గేవి. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల "నీ దగ్గర గుడారం వాసనేంటే?" అనేది. నాకు కోపం వచ్చేది కాదు. గుడారాలు రాజులకే ఉంటాయని అప్పటికే పాఠాల్లో చదివాను.

నాన్న పొద్దున నమాజు చేసుకుని, చాయ్ తాగి, దారానికి మైనం పట్టించే పనిలో పడేవాడు. నూలు దారం కొసని మా గుమ్మం మేకుకి కట్టి, సందు చివరి దాకా లాక్కుంటూ వెళ్ళి, అక్కడి నుంచి మైనం ముద్దతో రుద్దుకుంటూ వెనక్కి వచ్చేవాడు. ఆ వేళకి సందులో నడిచేవాళ్ళంతా చీరలూ పంచెలూ కాస్త ఎత్తి, కాలు తగలకుండా ఆ దారం దాటి వెళ్ళేవాళ్ళు. పాలమ్మే ఆవిడ బిందెతో సహా దాటేది. ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు, సందంతా ఆయన పనికి అలవాటు పడిపోయింది. అప్పటికే బజార్లో నైలాను దారం వచ్చింది. మైనం అక్కర్లేదు, తెగదు, చవక. నాన్న దాన్ని కొట్టు గుమ్మం తొక్కనివ్వలేదు. "నూలు దారం నీళ్ళు తాగుతుంది బేటీ. తాగి ఉబ్బి, సూది పొడిచిన బెజ్జాన్ని తనే మూసేస్తుంది. నైలానుకి బలం ఉంది గాని ఆ బుద్ధి లేదు" అనేవాడు.

కొత్త కాన్వాసు వచ్చిందంటే మాకు ఒక పండగ. దానికి తలంటు పొయ్యకుండా నాన్న కత్తెర పెట్టడు. ఆయన మాటే అది, తలంటు. తాను మొత్తం కాలవలో ముంచి, మీద రాళ్ళు పెట్టి, ఒక పూట నానబెట్టి, గట్టున పరిచి ఆరబెట్టేవాళ్ళం. ఎండ బాగుంటే ఒక రోజు, మబ్బుగా ఉంటే రెండు మూడు. కాన్వాసుకి మొదటిసారి నీళ్ళు తగిలితే కుంచించుకుపోతుంది. ఎంత కుంచించుకుపోతుందో ఎవరూ ముందు చెప్పలేరు. అందుకని ముందే నానబెట్టి, దాని బిర్రు తీర్చేసి, ఆ తర్వాత కొలతలు పెట్టాలి. బండివాళ్ళకి అంత ఓపిక ఉండదు కదా. "పెళ్ళికూతుర్ని చేసినట్టు గుడ్డకి ఈ స్నానాలేంటి సాయిబుగారూ?" అని తొందర పెట్టేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు, తొందరపడేవాడు కాదు. టాపు ఇచ్చేటప్పుడు కూడా ఒక మాట చెప్పి పంపేవాడు. రోజూ వెయ్యండి, రోజూ తియ్యండి, మడిచి దాచిపెడితే అది మడతలోనే చచ్చిపోతుంది అని.

పన్నెండేళ్ళకే నేను మిషను మీద కూర్చున్నాను. పరదా వెనక. ఆడపిల్ల కొట్లో కూర్చోకూడదు, గుడ్డ మాత్రం పరదా కింద నుంచి అటూ ఇటూ ప్రయాణం చేసేది. నా కుట్టు నాన్న కుట్టు కంటే సన్నం. ఆ సంగతి నాన్న నాతో ఎప్పుడూ అనలేదు, అమ్మీతో అంటుంటే విన్నాను. టాపు బిగించాక ఆయన డ్రైవరు పక్కన కూర్చుని కాలవ వంతెన దాకా వెళ్ళి వచ్చేవాడు. సరిగ్గా కుదిరిన టాపు గాలికి చప్పుడు చెయ్యదు, వదులైతే టపటపా కొట్టుకుంటుంది. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, సూదిలో దారం ఎక్కించడం కూడా రాని కరీం వెనక సీట్లో కూర్చుని వెళ్ళేవాడు. నేను పరదా వెనక నుంచి, వెళ్ళే బండి చప్పుడు విని నా టాపు ఎలా ఉందో తెలుసుకునేదాన్ని. వాడి మీద నాకు ఎంత కుళ్ళు ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. నేను కుట్టిన టాపుల కింద మూడు ఊళ్ళ జనం తిరిగారు. నేను ఒక్కదాని కిందా కూర్చోలేదు.

నాకు పదిహేనేళ్ళప్పుడు, వానలు మొదలవబోతుండగా, నాన్నకి టైఫాయిడ్ వచ్చింది. అదే వారం బాపట్ల నుంచి ఒక కాంట్రాక్టరు జీపు వదిలి వెళ్ళాడు. తల్లిని తీర్థయాత్రకి తీసుకెళ్ళాలి, శుక్రవారానికల్లా టాపు కావాలన్నాడు. నాన్న మంచం మీద నుంచి లేవలేకపోతున్నాడు. నేను కుడతానన్నాను. కొలతలు కూడా నేనే తీశాను, మధ్యాహ్నం సందులో ఎవరూ లేనప్పుడు, కరీంని కాపలా పెట్టి. కాన్వాసు వచ్చింది. ఆకాశం చూస్తే మబ్బు. నానబెడితే శుక్రవారానికి ఆరదు. నానబెట్టకపోతే ఎవరికి తెలుస్తుంది? నేను అలాగే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. కత్తెర పెట్టేశాను. గురువారం సాయంత్రం జీపు డ్రైవరే వచ్చి టాపు బిగించుకున్నాడు. అంత అందంగా కుదిరిన టాపు మా కొట్టు నుంచి అంతకు ముందు వెళ్ళలేదు. జీపు సందు దాటి వెళుతుంటే చప్పుడే లేదు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు.

సోమవారం కాంట్రాక్టరు వచ్చాడు. టాపు ముందు అంచు అద్దం ఫ్రేము నుంచి జానెడు వెనక్కి లాక్కుపోయి ఉంది. వెనక కన్నాలన్నీ చిరిగి గుడ్డ వేలాడుతోంది. మొదటి వానకే కాన్వాసు బిగుసుకుపోయి, దాన్ని పట్టుకున్న వాటన్నిటినీ పీక్కుంది.

"ఏంటండీ సాయిబుగారూ ఇది? మా అమ్మ తడిసి ముద్దయిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషండి! మీ పేరు చూసి ఇచ్చానే!" ఆయన అరుపులకి సందంతా బయటికొచ్చింది.

నాన్న దుప్పటి కప్పుకుని వచ్చి, చిరిగిన అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని చూశాడు. ఆయనకి ఒక్క చూపు చాలు. "తప్పు నాదే బాబూ" అన్నాడు. "జ్వరంలో కుట్టాను. తలంటు పొయ్యకుండా కోసేశాను. నా చేతిదే తప్పు."

నేను మిషను దగ్గర నుంచి లేచాను. అమ్మీ నా మణికట్టు పట్టుకుంది. "కూర్చో. ఆడపిల్ల పేరు బజార్న పడాలా?" అంది గుసగుసగా. నేను కూర్చున్నాను. ఆమె పట్టు అంత గట్టిది కాదు. విడిపించుకోవచ్చు. కూర్చున్నాను.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటాడని ఎదురుచూశాను, అంటే బాగుండునని ఏడ్చాను. జ్వరం తగ్గీ తగ్గకముందే తనే కొత్త గుడ్డ నానబెట్టి, తనే కుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత కత్తెర నాకు ఇవ్వలేదు. ఆయన కోసింది నేను కుట్టాలి, అంతే. నాలుగేళ్ళకి పెళ్ళయింది, కొట్టు కరీంకి వచ్చింది, మిషను కూడా. నాన్న పోయాక కూడా తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పాత డ్రైవర్లు ఎక్కడ కలిసినా ఆయన చేతిని మెచ్చుకుని, చివర్లో ఆ బాపట్ల జీపు సంగతి కలిపేవాళ్ళు. ఆయన నా మీద ప్రేమతోనే ఆ నింద నెత్తిన వేసుకున్నాడు. కాదని నేనెప్పుడూ అనను. కానీ ఆ తప్పు నాది కాకుండా పోయేసరికి, తప్పు లేకుండా కుట్టిన టాపులన్నీ కూడా నావి కాకుండా పోయాయి. ఇన్నేళ్ళలో నన్ను బాధపెట్టింది ఈ రెండో సంగతే.

ట్రాలీ మీద నీలం కారు ఇంటికొచ్చిన రోజు మా ఆయన వాకిట్లోకి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగారు. "మిగతా కారు ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"టాపు నేనే కుడతాను."

"దీంట్లో రోజూ బాపట్ల వెళ్తావా? కూరగాయలకి, డాక్టరు దగ్గరికి, అన్నిటికీ ఇదేనా?"

"అన్నిటికీ ఇదే."

"మెహర్, ఒక మాట చెప్తాను విను. వానాకాలం వస్తోంది. మొదటి వానకి లోపల ఒక్క చుక్క పడిందా, ఇది అమ్మేసి ఆ తెల్ల కారు లాంటిది కొనుక్కోవాలి. సరేనా?"

"సరే" అన్నాను. కోపంలో అన్నాను. అయినా సరే అన్నాక సరే అన్నట్టే. కరీం సాక్షి.

దళసరి నూలు కాన్వాసు చీరాల వైపు నుంచి తెప్పించాను. కాలవ ఇప్పుడు గుడ్డ ముంచేలా లేదు, మేడ మీద సిమెంటు తొట్టిలో నానబెట్టాను. ఆరాక మళ్ళీ నానబెట్టాను. కరీం ఇప్పుడు ఆటోలకీ కార్లకీ రెడీమేడ్ సీటు కవర్లు వేస్తాడు, టాపు కుట్టి వాడికే చాలా ఏళ్ళయింది. నాన్న మిషను మా ఇంటికి మోసుకొచ్చి, తొట్టి గట్టు మీద కూర్చుని అడిగాడు.

"రెండోసారి ఎందుకు ఆపా?"

అప్పుడు వాడికి చెప్పాను. బాపట్ల జీపు సంగతి మొత్తం.

"నేను కాపలా కాసింది గుర్తుంది. నువ్వు కొలత తీసి ఇస్తే నాన్నే మంచం మీద కోశాడనుకున్నా" అన్నాడు. "ఆ కథ నేనే ఎంతమందికి చెప్పానో ఆపా. నా పని ఎవరైనా తప్పు పడితే, మా నాన్నంతటోడే ఒకసారి తప్పాడండీ అనేవాణ్ణి" అన్నాడు. వాడి మొహం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇప్పుడెందుకులే తవ్వడం? నాన్న మోసుకుని వెళ్ళిపోయాడు. పోనీ."

"నాన్న మోసింది నా మూటరా. నాది నాకు కావాలి."

కమ్ములకి పాత తుప్పు గీకి రంగు వేశాం. పాత టాపు మిగిలినంత మేర నేల మీద పరిచి, ఎలుకలు తినేసిన చోట నా కన్నుతో పూరించుకుని కోశాను. ఇన్నేళ్ళకి టాపు గుడ్డ మీద కత్తెర నా చేతిలో ఉంది. మైనం పట్టించడానికి సందులో దారం కట్టే రోజులు పోయాయి, మేడ మీద ఈ మూల నుంచి ఆ మూలకి కట్టుకున్నాను. ఇరవై రోజులు పట్టింది. కళ్ళజోడు మార్పించుకోవాల్సి వచ్చింది. టాపు బిగించి కరీంని పక్కన కూర్చోబెట్టుకుని పొన్నూరు దాకా వెళ్ళి వచ్చాను. ఎంత వేగంగా పోయినా చప్పుడు లేదు.

అప్పటి నుంచి అది నా రోజువారీ బండి. ఎండ లేని పొద్దున టాపు తీసి, చున్నీ తలకి గట్టిగా చుట్టుకుని వెళతాను. జనం చూస్తారు, చూడనివ్వండి. ఒకప్పుడు పరదా కింద నుంచి గుడ్డ జరిపిన మనిషిని చూడ్డానికి ఇంత ఆలస్యంగానైనా వచ్చారు. స్పీడు బ్రేకర్ల దగ్గర కడుపు గీరుకుంటుంది, అడ్డంగా పోనిస్తే దాటుతుంది. కూరగాయల సంచీ పక్క సీట్లో కూర్చుంటుంది. బాపట్లలో క్లాసయ్యాక ఆడవాళ్ళని వంతులవారీగా బస్టాండు దాకా దింపుతాను. మొదటి రోజు ఒకామె ఖాళీ చేపల బుట్ట పట్టుకుని, "వద్దులెండి మేడమ్, కారంతా వాసనొస్తదండి" అని వెనక్కి తగ్గింది. "పైన ఆకాశమేగా, ఎంత వాసనైనా పోతుంది, కూర్చో" అన్నాను. బుట్ట ఒళ్ళో పెట్టుకుని బజారంతా చూసేలా కూర్చుంది. అప్పుడు గాని నేను కొన్నది సరైన కారే అని నాకు రూఢి కాలేదు.

ఒక ఆదివారం కరీంని తీసుకుని రేపల్లె వెళ్ళాను. సుబ్బయ్యగారి ఇల్లు మిల్లు పక్కనే. ఆయన కారు చుట్టూ తిరిగి, టాపు అంచు తడిమి, "అచ్చు ఆయన చెయ్యే" అన్నారు.

"బాబాయ్ గారూ, ఆ బాపట్ల జీపు టాపు కుట్టింది నేనండి. నాన్నకి జ్వరం. గుడ్డ తడపకుండా నేనే కోసేశాను. నాన్న నా తప్పు తన మీద వేసుకున్నాడు."

తిడతారేమో, జాలిపడతారేమో అని చూస్తున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు. కళ్ళు మెరిసిపోతుంటే, "అయితే సాయిబుగారి చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదన్నమాట!" అన్నారు. "ఇదిగో, మా మిల్లోళ్ళందరికీ చెప్పాలి ఈ మాట." ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు నాకు తట్టలేదు. నేను దాచుకున్నది నా తప్పు ఒక్కటే అనుకున్నాను, మా నాన్న మంచి పేరు కూడా దాంతో పాటే దాచేశాను. ఆ అరుగు మీదే కూర్చుని ఏడ్చాను. సుబ్బయ్యగారి కోడలు మంచినీళ్ళు ఇచ్చింది.

తిరిగొస్తుంటే భట్టిప్రోలు దగ్గర వాన పట్టుకుంది. మొదటి వాన, గాలితో సహా. బండి ఆపి టాపు ఎత్తి కొక్కేలు బిగించేసరికి సగం తడిశాం. లోపల కూర్చుని తలుపులు వేసుకున్నాం. పైన ధారగా కురుస్తోంది, లోపల వెచ్చగా, పొడిగా ఉంది. మోటారు వేడికి మైనం వాసన లేచింది. నేను నవ్వుతున్నాను. అప్పుడే కరీం మోకాలి మీద ఒక చుక్క పడింది.

వాడు చప్పున చేత్తో కప్పేశాడు. నేను చూడలేదనుకున్నాడు. రెండోది భుజం మీద పడింది, మూడోది సీటు మీద. వాడు జేబురుమాలు తీసి తుడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను తల ఎత్తకుండానే ఎక్కడ కారుతోందో చెప్పగలను. ఎడమవైపు గాజు పైన కుట్టు. అక్కడ గుడ్డ బాగా లాగుతుంది, గట్టిగా ఉండాలని ఆ ఒక్క కుట్టూ నైలాను దారంతో వేశాను. నాన్న చెప్పింది మర్చిపోయి కాదు. ఆయన్ని మించిపోదామని. మిగతా టాపు అంతా నూలు దారం ఉబ్బి బెజ్జాలు మూసుకుంటే, ఆ జానెడు కుట్టు మాత్రం నోరు తెరుచుకుని కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గొడుగు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నారు.

"ఒక్క చుక్క పడలేదు భాయ్‌జాన్!" కరీం దిగీ దిగకముందే అరిచాడు.

"పడింది" అన్నాను. "మూడు చుక్కలు."

కరీం నా వైపు, ఆయన వైపు చూశాడు. "అది నేను వేసిన కుట్టండి భాయ్‌జాన్. ఆపాది కాదు. నా చేతిదే తప్పు."

అచ్చం నాన్న గొంతు. కొంచెం కూడా తేడా లేదు. నాకు వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది, అంతకు మించి చెంప పగలగొట్టాలనిపించింది. "నోర్ముయ్ కరీం" అన్నాను. "ఆ కుట్టు నాది. నైలాను వేశాను. నా బుద్ధి తక్కువ."

మా ఆయన గొడుగు మడిచారు. "మరి ఒప్పందం?"

"ఒప్పందం ఒప్పందమే. కొనేవాళ్ళని వెతకండి. దొరికిందాకా నాకు రోజూ బాపట్ల వెళ్ళాలి, దీంట్లోనే వెళ్తాను. ఆ కుట్టు మాత్రం ఇప్పుడే విప్పుతాను. తప్పు కుట్టు ఉన్న బండి నా ఇంట్లోంచి బయటికి అమ్మకానికి వెళ్ళదు."

ఆయన కారునీ, నన్నూ మార్చి మార్చి చూసి, "ముందు లోపలికి రా, తడిసిపోయావ్" అన్నారు. కొనేవాళ్ళని ఇంకా వెతుకుతూనే ఉన్నానంటారు. అంత తీరిగ్గా వెతికే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఆ సాయంత్రమే టాపు మొత్తం కమ్ముల మీద నుంచి విప్పి మంచం మీద పరిచాను. ఒక్క కుట్టు విప్పితే చాలదు, దాని పక్క రెండూ కూడా విప్పి, పాత బెజ్జాల మీద నూలు పట్టీ వేసి కుట్టాలి. ఒక రాత్రిలో అయ్యే పని కాదు. పొద్దున లేచేసరికి ఆకాశం నల్లగా ఉంది. "ఇవాళ్టికి బస్సు" అన్నారు మా ఆయన. నేను సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, గొడుగు పక్కన పెట్టుకుని, బోడి బండి బయటికి తీశాను.

దారిలో రైలు గేటు పడింది. నా ముందు లారీ, వెనక బస్సు, పక్కన నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళతో నిండిన ఆటో. అందరూ నన్నే చూస్తున్నారు. ఆటో అంచున కూర్చున్న ఒక పెద్దావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏమ్మా, వానొస్తంటే కారుకి టాపు లేదేంటి?"

"ఉందమ్మా. ఇంట్లో ఉంది. కారింది, విప్పి మళ్ళీ కుడుతున్నా."

"ఎవరమ్మా అట్టా కుట్టింది?"

లారీ డ్రైవరు కూడా తల బయట పెట్టి వింటున్నాడు. బస్సు కిటికీల్లో మొహాలున్నాయి. ఇంజన్ల మోతలో వాళ్ళందరికీ వినపడాలని గొంతు పెంచాను.

"నేనే కుట్టాను."

గేటు లేచింది. చినుకులు మొదలయ్యాయి. తొమ్మిదింటికి క్లాసు ఉంది, బండి బాపట్ల వైపు పోనిచ్చాను.